చేతికి లొంగే ఎడిటర్ ఏది?

కొత్తగా కాలేజీల్లో చేరినవాళ్ల ఉత్తరాలే ఈసారి ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో చాలామటుకు ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ల గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని ఒకటిగా కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి వాడిస్తున్నారు. సీనియర్లేమో విమ్ నేర్చుకో, మిగతావన్నీ ఆటబొమ్మలు అంటున్నారు. వీఎస్ కోడ్ చూడగానే బాగుందనిపించింది గానీ నాలుగు రోజులకే చిరాకొచ్చింది. ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమైపోయే ఎడిటర్ ఏదైనా ఉందాండీ?
— బీటెక్ మొదటి ఏడాది విద్యార్థిని, రాజాం

జవాబు: లేదు. నోట్‌ప్యాడ్ అలా అనిపిస్తుందంటే కారణం వేరే. కంట్రోల్+సి కాపీ అనీ, కంట్రోల్+జెడ్ వెనక్కి తీసుకెళ్తుందనీ మీరెప్పుడో నేర్చేసుకున్నారు, నేర్చుకున్న సంగతే మర్చిపోయారు. ఆ అలవాట్లు పనికొచ్చే ఎడిటరల్లా సులువుగా తోస్తుంది. పనికిరానిది మొండిగా తోస్తుంది. కాబట్టి మొదటి పూట అనుభవాన్ని బట్టి దేన్నీ తీసిపారేయకండి, నెత్తిన పెట్టుకోనూ వద్దు.

దానికి బదులు మూడు విషయాలు చూడండి. ఇప్పుడు నేను ఏ స్థితిలో ఉన్నానో తెర మీద తెలుస్తోందా? తప్పు నొక్కితే వెనక్కి రాగలనా? తర్వాత ఏ మీట నొక్కాలో ఎక్కడైనా రాసి ఉందా? ఈ మూడో విషయంలో నానో అనే చిన్న లినక్స్ ఎడిటర్‌ని మెచ్చుకోవాలి. తెర అడుగున రెండు వరుసల్లో మీటల పట్టీ ఎప్పుడూ కనబడుతుంది. అక్కడ గొడుగు గుర్తు (^) ఉంటే కంట్రోల్ మీట అని అర్థం. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి కావలసిన పని పేరు టైపు చేస్తే, పనితో పాటు దాని షార్ట్‌కట్ కూడా పక్కన చూపిస్తుంది. అలా వెతుక్కుంటూనే మీటలు చేతికి వచ్చేస్తాయి. విమ్ మాత్రం పెద్దగా ఏమీ చెప్పదు.

ఎంపికకు ముందు ఓ చిన్న పరీక్ష పెట్టండి. 200 వరుసలున్న ప్రోగ్రాం తెరిచి 137వ వరుసకు వెళ్లండి. ఒక వేరియబుల్ పేరు ఫైలంతటా మార్చండి. పది వరుసల్ని ఒకేసారి కామెంట్ చేసి, చేసినదంతా వెనక్కి తీసి, సేవ్ చేయకుండా బయటకు రండి. ఒక ఎడిటర్‌తో వారం రోజులు పనిచేశాక కూడా ఇందులో ఏ పనికైనా మౌసు కోసం తడుముకుంటున్నారంటే అది ఇంకా మీ చేతికి రాలేదన్నమాట.

వీఎస్ కోడ్‌తో మీ చిరాకుకు బహుశా ఈ మూడింటిలో ఒకటి కారణం. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో (ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు హంగు) ప్రోగ్రాం నడిపితే ఫలితం అవుట్‌పుట్ అనే ట్యాబ్‌లో వస్తుంది. అది చదవడానికే తప్ప టైపు చేయడానికి కాదు, అందుకే మీరు టైపు చేసేది తీసుకునే స్కాన్‌ఎఫ్ దగ్గర ప్రోగ్రాం కదలకుండా ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో కోడ్ రన్నర్ కింద ‘రన్ ఇన్ టెర్మినల్’ టిక్ పెడితే సరిపోతుంది. రెండోది, ఫైలు పేరు పక్కన కొట్టివేత గుర్తు బదులు గుండ్రటి చుక్క కనబడుతోందంటే మీ మార్పు ఇంకా సేవ్ కాలేదు, నడుస్తున్నది పాత ప్రోగ్రామే. ఫైల్ మెనూలో ఆటో సేవ్ పెట్టేయండి. మూడోది ఫోల్డర్ తిరకాసు. మార్కుల ఫైలు ప్రోగ్రాం పక్కనే ఉన్నా తెరుచుకోవడం లేదంటే, టెర్మినల్ మీరు తెరిచిన పెద్ద ఫోల్డర్‌లో నిలబడి అక్కడ వెతుకుతోందని అర్థం. ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టుకుని, ‘ఓపెన్ ఫోల్డర్’తో దాన్నే తెరవండి.

మా సలహా అడిగితే, మొదటి సెమిస్టర్‌కు జీనీ అనే చిన్న ఎడిటర్ చాలు. ఎఫ్8 కంపైల్, ఎఫ్9 బిల్డ్, ఎఫ్5 రన్. అంతకంటే గుర్తుపెట్టుకోవలసినది లేదు. పాయింటర్లు, స్ట్రక్చర్లు మొదలై, డీబగ్గర్‌తో వరుస వరుసా నడిపి చూడాల్సిన అవసరం వచ్చినప్పుడు వీఎస్ కోడ్‌కు మారండి. సీనియర్ల మాటలోనూ కొంత నిజముంది. ఏదో ఒక రోజు సర్వర్ మీద పనిచేయాల్సొస్తే అక్కడ చాలాసార్లు దొరికేది విమ్ లేదా దాని పూర్వరూపం వీఐ. దానికి సెమిస్టరంతా ఖర్చుపెట్టక్కర్లేదు. విమ్‌తో పాటు వచ్చే విమ్‌ట్యూటర్ అనే పాఠం అరగంట పని.

ప్రశ్న: ఎనిమిది ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం టర్బో సి లో నడిపితే -25216 వచ్చింది. అదే ప్రోగ్రాం మా స్నేహితుడి లాప్‌టాప్‌లో వీఎస్ కోడ్‌లో 40320 చూపించింది. ఇదేటి సార్, ఎడిటర్ మారితే లెక్క మారిపోద్దా?
— డిగ్రీ విద్యార్థి, ఎచ్చెర్ల

జవాబు: ఎడిటర్ తెల్లకాగితం లాంటిది. లెక్క కట్టింది కంపైలర్, అంటే మీరు రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది. టర్బో సి లో ఈ రెండూ ఒకే డబ్బాలో కలిసి వస్తాయి కాబట్టి తేడా తెలియదు. వీఎస్ కోడ్‌లో కంపైలరే ఉండదు, జీసీసీ లాంటిది విడిగా వేసుకోవాలి. కొత్తగా వేసుకున్నవాళ్లకు ‘జీసీసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్’ అనే మాట ఎదురయ్యేది అందుకే. కంపైలర్ వేయకపోయి ఉండొచ్చు, వేసినా దాని బిన్ ఫోల్డర్‌ని విండోస్ పాత్ జాబితాలో చేర్చకపోయి ఉండొచ్చు. పాత్ మార్చాక వీఎస్ కోడ్‌ని మూసి మళ్లీ తెరవాలి, లేకపోతే పాత జాబితానే పట్టుకుని ఉంటుంది.

ఇక -25216 సంగతి. టర్బో సి డాస్ కాలం నాటిది, దాని ఇంట్ (పూర్ణసంఖ్యల రకం) 16 బిట్లు. అందులో పట్టే పెద్ద అంకె 32767. ఏడు ఫ్యాక్టోరియల్ 5040, అది హాయిగా పడుతుంది. ఎనిమిదికి 40320 వచ్చి హద్దు దాటింది. 40320 లోంచి 65536 తీసేస్తే మీకు కనబడిన రుణసంఖ్యే వస్తుంది, చేసి చూడండి. ఇప్పటి జీసీసీలో ఇంట్ 32 బిట్లు కాబట్టి 12 ఫ్యాక్టోరియల్, అంటే 479001600 వరకూ సరిగ్గా వస్తుంది. 13 దగ్గర అదీ చేతులెత్తేస్తుంది. లాంగ్ లాంగ్ వాడితే 20 దాకా వెళ్లొచ్చు. ల్యాబ్‌లో టర్బోలోనే చేసి చూపించాలంటే లాంగ్ తీసుకుని, ప్రింట్‌ఎఫ్‌లో శాతం గుర్తు తర్వాత ఎల్, డి రాయండి.

ల్యాబ్ ప్రోగ్రాముల్ని జీసీసీకి తెచ్చుకునేటప్పుడు వాయిడ్ మెయిన్‌ని ఇంట్ మెయిన్ చేసి, చివర రిటర్న్ 0 పెట్టండి. క్లియర్ స్క్రీన్ ఫంక్షన్‌ని తీసేయండి. విండోస్ జీసీసీలో కోనియో హెడర్, గెట్‌చ్ దొరుకుతాయి గానీ క్లియర్ స్క్రీన్ దొరకదు. లినక్స్‌లో ఆ హెడరే లేదు.

ఇంకో మాట. నోట్సు వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చి, దాన్ని కాపీ చేసి అతికిస్తే జీసీసీ ‘స్ట్రే 342 ఇన్ ప్రోగ్రామ్’ అంటూ గొడవ చేస్తుంది. వర్డ్ కొటేషన్ గుర్తుల్ని అందంగా వంకర తిప్పేస్తుంది, కంపైలర్‌కు కావలసినవి నిటారు గుర్తులు. ఆ వరుసలో కొటేషన్లు చెరిపి చేత్తో మళ్లీ కొట్టండి. ఒక్క ఫైలులో చాలా ఉంటే ఫైండ్-రీప్లేస్‌లో వంకర గుర్తు అతికించి ఒకేసారి మార్చేయొచ్చు.

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. వీఎస్ కోడ్ తెరిస్తే ఫ్యాన్ హోరెత్తిపోతుంది, అక్షరం కొట్టిన కాసేపటికి గానీ కనబడదు. వేరే మార్గం లేదా?
— ఉద్యోగార్థి, బొబ్బిలి

జవాబు: వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ మీద కట్టినది, అంటే లోపల ఒక క్రోమియం బ్రౌజరే నడుస్తోంది. పక్కన క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిచి ఉంటే 4 జీబీకి అది రెండో బ్రౌజర్. ముందు ఆ ట్యాబ్‌లు మూసి చూడండి.

తర్వాత హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. ఏది ఎంత మెమరీ, ఎంత సీపీయూ తింటోందో వరుసగా చూపిస్తుంది. ఎక్కువసార్లు దొంగ ఎక్స్‌టెన్షన్లలోనే దొరుకుతాడు. యూట్యూబ్ చూసి ‘తప్పక ఉండాల్సిన ఇరవై ఎక్స్‌టెన్షన్లు’ వేసుకున్నవాళ్లకు ఇది మరీ మామూలు. ఏదో తేలకపోతే కంట్రోల్+షిఫ్ట్+పి నొక్కి ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ అని కొట్టండి. అది సగం ఎక్స్‌టెన్షన్లను ఆపి ఇప్పుడెలా ఉందని అడుగుతుంది, మిగిలిన వాటిలో మళ్లీ సగం, అలా నాలుగైదు విడతల్లో అసలుదాన్ని పట్టిస్తుంది.

డి డ్రైవ్ మొత్తాన్ని ఫోల్డర్‌గా తెరిచి ఉంచడం ఇంకో కారణం. అందులోని సినిమాలు, ఫొటోలతో సహా ప్రతి ఫైలులో వచ్చే మార్పునూ అది కనిపెట్టుకుని కూర్చుంటుంది. పని చేస్తున్న చిన్న ఫోల్డర్‌నే తెరవండి. సి భాష రాసేవాళ్లయితే సెట్టింగ్స్‌లో టైపు చేస్తుంటే సూచనలిచ్చే ఇంటెలిసెన్స్ ఇంజిన్‌ని ‘ట్యాగ్ పార్సర్’కు మార్చుకోవచ్చు. సూచనల నాణ్యత కొంత తగ్గుతుంది గానీ యంత్రానికి ఊపిరి ఆడుతుంది.

ఇవన్నీ చేసినా నలుగుతుంటే పట్టుదలకు పోకండి. విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, ఎక్కడైనా సరే జీనీ ఈ యంత్రానికి సరిగ్గా సరిపోతాయి. డబ్బు పెట్టగలిగితే మొదటి ఖర్చు హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే వేగమైన ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. ర్యామ్ కొనే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూస్తే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో తెలుస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి అదనపు స్లాట్ లేకపోతే ఆ ఆశ వదులుకోవాలి.

ప్రశ్న: గిట్‌లో కమిట్ చేయబోతే నల్లటి తెర వచ్చింది. ఏం కొట్టినా పడదు, కంట్రోల్+ఎస్ కొడితే మొత్తం బిగుసుకుపోయింది. ప్రతిసారీ కిటికీ మూసేస్తున్నా.
— ఆమదాలవలస

జవాబు: అది విమ్. గిట్ మీ ప్రోగ్రాంలో మార్పుల్ని విడతలవారీగా దాచిపెడుతుంది; ఒక్కో విడతే కమిట్. దానికో సందేశం రాయమని విమ్‌ని తెరుస్తుంది. కంట్రోల్+ఎస్ అంటే పాత టెర్మినళ్ల భాషలో ‘తెర ఆపు’ అని. కంట్రోల్+క్యూ కొట్టండి, విడుదలవుతుంది. తర్వాత ఎస్కేప్ నొక్కి, కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టి ఎంటర్ చేస్తే సేవ్ అయి బయటకు వస్తుంది. ఏమీ సేవ్ చేయకుండా రావాలంటే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థక గుర్తు. మీరొక్కరే చిక్కుకున్నారనుకోకండి. విమ్ నుంచి బయటపడటం ఎలా అని స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఉన్న ప్రశ్నను చూసినవాళ్ల సంఖ్య 2017 నాటికే పది లక్షలు దాటింది.

టైపు చేసినా అక్షరాలు పడకపోవడానికి కారణం అందులో రెండు స్థితులుండటమే. ఒక దాంట్లో మీటలు అక్షరాలు, ఇంకోదాంట్లో అవే మీటలు ఆజ్ఞలు. తెర అడుగున ‘ఇన్సర్ట్’ అని కనబడితేనే అక్షరాలు పడతాయి, అందుకు ఐ మీట నొక్కాలి. ఆజ్ఞల స్థితిలో క్యాప్స్ లాక్ పడి ఉందా, ఇక చూస్కోండి: జె నొక్కితే కింది వరుస పై వరుసకు అతుక్కుంటుంది. అప్పుడు క్యాప్స్ తీసి, యు మీటతో వెనక్కి రండి. పనంతా మాయమైపోయి మామూలు టెర్మినల్ కనబడిందంటే కంట్రోల్+జెడ్ కొట్టి ఉంటారు. ఎఫ్, జి అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ చేస్తే మళ్లీ వస్తుంది.

ఈ విడ్డూరానికి చరిత్ర ఉంది. బిల్ జాయ్ 1976లో వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే అచ్చువేసి ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. ఆ కీబోర్డు మీద కూర్చున్నవాళ్లకు అదంతా సహజమే. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్‌లోకీ అవే మీటలు వచ్చాయి.

విమ్ వద్దనుకుంటే గిట్‌లో కోర్ డాట్ ఎడిటర్ అనే అమరికను నానోకు మార్చుకోండి. వీఎస్ కోడ్ పెట్టుకుంటే పేరు పక్కన రెండు అడ్డగీతలతో ‘వెయిట్’ అని తప్పక చేర్చాలి. చేర్చకపోతే మీరు రాసేదాకా గిట్ ఆగదు, సందేశం ఖాళీగా ఉందని కమిట్‌నే రద్దు చేస్తుంది.

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. కొంచెం గాలి వీస్తే కరెంటు పోతాది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేదు. రాసింది పోకుండా ఏ ఎడిటర్ కాపాడుతుందో చెప్పండి.
— కంప్యూటర్ సెంటర్ నిర్వాహకులు

జవాబు: 2018లో తిత్లీ తీరం దాటిన ప్రాంతం మీది, కరెంటు సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎడిటర్‌ని ఎంచుకునేటప్పుడు చాలామంది రంగులు, థీములు చూస్తారు గానీ మీరడిగిన ప్రశ్నే ముందు అడగాలి.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ సేవ్ చేయని ఫైళ్లకు కూడా 7 సెకన్లకొకసారి నకలు తీసి పెట్టుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ విభాగంలో ఆ టిక్ ఉందో లేదో చూసుకోండి. వీఎస్ కోడ్ కూడా సేవ్ కాని మార్పుల్ని విడిగా దాచి, మళ్లీ తెరిచినప్పుడు చూపిస్తుంది. దాని ఆటో సేవ్‌ని ‘ఆఫ్టర్ డిలే’కి పెడితే టైపు ఆపిన 1000 మిల్లీసెకన్లకు, అంటే ఒక సెకనుకు అసలు ఫైలులోకే ఎక్కిస్తుంది. విమ్ ప్రతి 200 అక్షరాలకు, లేదా మీరు 4 సెకన్లు ఆగితే, స్వాప్ ఫైలు అనే విడి నకలులో రాస్తుంది. కరెంటు వచ్చాక అదే ఫైలు తెరిస్తే ‘అటెన్షన్’ అని పెద్ద హెచ్చరిక కనబడుతుంది. భయపడకుండా ఆర్ నొక్కితే పోయినది తిరిగొస్తుంది. చూసుకుని వేరే పేరుతో సేవ్ చేశాక స్వాప్ ఫైలు తీసేయండి, లేకపోతే తెరిచినప్పుడల్లా అదే హెచ్చరిక. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ లెక్క 300 మీటలు లేదా 30 సెకన్ల విరామం.

జీనీలో ఇది దానంతటది జరగదు. టూల్స్ మెనూ, ప్లగిన్ మేనేజర్‌లో ‘సేవ్ యాక్షన్స్’ పెట్టి, ఆటో సేవ్ వ్యవధి 300 సెకన్లుంటే 30కి దించండి. టర్బో సి లో ఎఫ్2 కొట్టడమే దిక్కు. ఆప్షన్స్‌లో ఎన్విరాన్మెంట్, ప్రిఫరెన్సెస్ కింద ‘ఆటో సేవ్’ దగ్గర ఎడిటర్ ఫైల్స్ టిక్ పెడితే కనీసం ప్రోగ్రాం నడిపే ముందైనా సేవ్ అవుతుంది. అంతులేని లూపులో పడి బిగుసుకుపోయినప్పుడు కూడా అదే కాపాడుతుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. సేవ్ అన్నాక కూడా విండోస్ ఆ రాతను కాసేపు మెమరీలోనే ఉంచి తర్వాత డిస్కు మీద రాస్తుంది. సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోతే ఫైలు పరిమాణం సరిగానే ఉండి, లోపల మాత్రం అన్నీ శూన్యాలే మిగలొచ్చు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో నల్లటి ‘నల్’ గుర్తులు వరుసగా కనబడితే జరిగింది ఇదే. దీనికి ఏ ఎడిటరూ పూచీ పడదు. ముఖ్యమైన పనికి పూటకోసారి గిట్ కమిట్ చేసి బయటికి పంపడమో, పెన్ డ్రైవ్‌లోకి నకలు తీయడమో చేయాలి. సెంటర్ నడుపుతున్నారు కాబట్టి ఒక్క యంత్రానికైనా యూపీఎస్ పెట్టి, విద్యార్థుల ఫైళ్లన్నీ దాంట్లోకి చేరేలా ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: తెలుగులో చిన్న వెబ్‌సైట్ తయారు చేస్తున్నాను. ఎడిటర్‌లో ఒకసారి డబ్బాలు, ఒకసారి ప్రశ్నార్థకాలు, ఒకసారి ఏవో విదేశీ అక్షరాలు వస్తున్నాయి. తెలుగుకు పనికొచ్చే ఎడిటర్ వేరే ఉందా?
— విజయనగరం

జవాబు: వేరే అక్కర్లేదు. ఆ మూడూ మూడు వేర్వేరు జబ్బులు.

డబ్బాలంటే ఫాంట్ లేదు. వీఎస్ కోడ్ ఫాంట్ ఫ్యామిలీ సెట్టింగ్‌లో కన్సోలాస్ తర్వాత కామా పెట్టి విండోస్‌లో నిర్మలా యూఐ, లినక్స్‌లో నోటో శాన్స్ తెలుగు చేర్చండి. తెలుగు అక్షరాల వెడల్పు సమానంగా ఉండదు కాబట్టి నిలువు వరుసలు కుదరవు, అది తప్పు కాదు.

నెత్తిన గీతున్న ఆంగ్ల ‘ఎ’ లాంటి అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే ఫైలు క్షేమంగానే ఉంది. యూటీఎఫ్-8లో ఉన్నదాన్ని ఎడిటర్ వేరే ఎన్‌కోడింగ్‌గా (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) చదువుతోంది. కింద కుడివైపున ఎన్‌కోడింగ్ పేరు మీద నొక్కి ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’, యూటీఎఫ్-8 ఎంచుకోండి. తొందరపడి ఆ వికారపు రూపంలోనే సేవ్ కొట్టారో, అప్పుడు నిజంగా పాడవుతుంది.

ప్రశ్నార్థకాలు వచ్చి, సేవ్ కూడా అయిపోయాయంటే అక్షరాలు పోయినట్టే. ఏఎన్ఎస్ఐ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసినప్పుడు తెలుగుకు చోటు లేక ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పడుతుంది. పాత నకలు నుంచి తెచ్చుకోవడమే.

అను ఫాంట్లలో టైపు చేయించిన మ్యాటర్ అయితే కథ వేరు. అది యూనికోడే కాదు, ముందు కన్వర్టర్‌తో మార్చి ఒత్తులూ పొల్లులూ కళ్లతో సరిచూసుకోవాలి. పేజీ తల భాగంలో మెటా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని రాయండి. పైథాన్‌తో ఫైళ్లు తెరుస్తుంటే విండోస్‌లో ఎన్‌కోడింగ్ ప్రత్యేకంగా చెప్పాలి, చెప్పకపోతే ‘చార్‌మ్యాప్’ పేరుతో ఎర్రర్ వస్తుంది. ‘తెలుగు’ అనే మాట పొడవు అడిగితే పైథాన్ 6 అంటుంది, మూడు కాదు. గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది. ఫైలులో ఆ మాటకు పట్టేది 18 బైట్లు.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదు, ఫోనే ఉంది. సి నేర్చుకోవచ్చా?
— ఇంటర్ విద్యార్థి, టెక్కలి

జవాబు: నేర్చుకోవచ్చు. టెర్మక్స్ అనే ఆండ్రాయిడ్ యాప్‌ని ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి వేసుకుని, అందులో క్లాంగ్ కంపైలర్, నానో ఎడిటర్ ఎక్కించండి. వాల్యూమ్ తగ్గించే మీటే అక్కడ కంట్రోల్. ప్రోగ్రాముల్ని టెర్మక్స్ సొంత హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. డౌన్‌లోడ్స్‌లో పెట్టి నడపబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది, ఆండ్రాయిడ్ అక్కడి నుంచి ప్రోగ్రాములు నడపనివ్వదు. ఫోన్ కీబోర్డులో ఆటో కరెక్షన్, వాక్యం మొదట పెద్ద అక్షరం వేసే సదుపాయం రెండూ ఆపేయండి, లేకపోతే ఇంట్‌లో ఐ పెద్దదైపోయి అర్థం కాని ఎర్రర్లు వస్తాయి. ఓటీజీ తీగతో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే వేళ్లకు ఇంకా సుఖం. అయితే కొనే ముందు మీ ఫోన్ ఓటీజీని ఒప్పుకుంటుందో లేదో, ఎవరిదైనా పెన్ డ్రైవ్ గుచ్చి చూసుకోండి.